అత్తగారి దెబ్బ

"మూడు సెకన్లమ్మా. మూడంటే మూడే," అన్నాడు ప్రచార అధికారి. "ఆలోపు చూసేవాడి బొటనవేలు ఆగాలి. ఆగలేదా, నీ చదువూ మీ మేడమ్ గారి చదువూ కలిపి పైకి తోసేసి, పిల్లి స్నానం చేసే వీడియోకి పోతాడు."

ఆయన కూర్చునే గది ఒకప్పుడు పరీక్ష పేపర్ల కట్టలు దాచిన గది. కిటికీ లేదు. విశ్వవిద్యాలయం వారు ఆ కట్టల్ని ఎక్కడికో తరలించి, గోడకు ఆకుపచ్చ గుడ్డ బిగించి, గుండ్రటి దీపం ఒకటి కొనిచ్చి, ఇక్కడి నుంచి జ్ఞానాన్ని ప్రజల్లోకి పంపమన్నారు. అంతకుముందు ఆయన ఒక దినపత్రికలో శీర్షికలు పెట్టేవాడు. పత్రిక మూతపడింది కానీ ఆయన శీర్షికలు పెట్టడం మానలేదు. తలలు పండిన శాస్త్రవేత్తలు ఆ దీపం ముందు నిలబడి, జీవితమంతా చేసిన పనిని నిమిషంలోపు చెప్పలేక చెమటలు కక్కేవారు. ఆయనకు వాళ్ళంటే జాలి.

పరిశోధన చేస్తున్న సూదమ్మ ఆయన దగ్గరికి ఒక గ్రాఫు తెచ్చింది. రంగులు వేసి, కింద అంకెలు వేసి, ఎంతో ముచ్చటగా గీసుకుంది.

"గ్రాఫు చూసి ఎవరైనా కంటతడి పెట్టారా తల్లీ?" అన్నాడాయన.

సూదమ్మ అనే పేరు ఆమెకు విశ్వవిద్యాలయం ఇచ్చింది కాదు, లాండ్రీలో ఆడవాళ్ళు పెట్టింది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు బండ్లకొద్దీ ఉతికే పెద్ద లాండ్రీ అది. వేడి నీళ్ళలోంచి తీసి, పిండే మిషన్లో తిప్పి, ఇంకా తడి ఆరని దుప్పట్లను ఆడవాళ్ళు పొడవాటి బల్లల దగ్గర నిలబడి రోజంతా మడతపెడతారు. జాడింపు సరిగా ఉండదు కనుక బ్లీచింగు పూర్తిగా వదలదు. చేతికి తొడుగులుండవు. ఆమె వాళ్ళ పక్కన ముక్కాలిపీట వేసుకుని, సన్నవీ లావువీ నైలాను పోచలు బిగించిన పుల్లలతో ఒక్కొక్కరి వేలి కొసలూ తాకి చూసేది. వాళ్ళు కళ్ళు మూసుకోవాలి. తెలిసినప్పుడు "ఆఁ" అనాలి. తెలియకపోతే ఇంకొంచెం లావు పోచ. సూదులు కావవి, గుచ్చుకోవు. ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు అవి సూదులే, ఆమె సూదమ్మే.

"నీ పాయింటు ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పు," అన్నాడు ప్రచార అధికారి.

"బ్లీచింగు వదలని తడి బట్టల్ని తొడుగులు లేకుండా చాలాకాలం మడతపెట్టిన ఆడవాళ్ళలో, వేళ్ళ కొసల్లో స్పర్శ తగ్గే అవకాశం ఉన్నట్టు మా పరిశీలనలో..."

"ఆగాగు. పిల్లి స్నానం అయిపోయింది, ఒళ్ళు తుడుచుకుంటోంది కూడా." ఆయన ఆమె లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఫైళ్ళు వెతకసాగాడు. "వీడియో ఏమీ లేదా?"

ఉంది. మణికట్టు ఎన్నిసార్లు ఎలా వంగుతోందో కొలవడానికి బల్లకు పైన కెమెరా బిగించి తీసింది. మిషన్లు తిరుగుతుంటే కెమెరా వణుకుతుందని, టీ వేళ, అవి ఆగి అందరూ బయటికి వెళ్ళినప్పుడు, ఒకామెను బతిమాలి ఆపి తీసింది. మణికట్ల నుంచి కిందికే కనిపిస్తాయి. రెండు చేతులు, తెల్లగా ఉబ్బి, చర్మం ముడతలు పడి, వేళ్ళ చివర పగుళ్ళతో. అవి దుప్పటి అంచు పట్టుకుని, విదిలించి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, చివర్లో చెయ్యి బోర్లా తిప్పి మడత మీద రెండు దెబ్బలు వేసి, బొటనవేలితో అంచు గీస్తాయి.

ప్రచార అధికారి మళ్ళీ వేసి చూశాడు.

"ఇదమ్మా," అన్నాడు చివరికి. "ఇది పెట్టుకుని గ్రాఫులు గీస్తావేం?"

సాయంత్రానికి రీలు తయారైంది. చేతులు కనిపిస్తుంటే అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి: ఈ చేతులకు స్పర్శ లేదు. మీరు పడుకునే దుప్పటి మడిచింది ఈ చేతులే. వెనక ఏదో వాయిద్యం సన్నగా ఏడుస్తోంది.

"లేదు అని కాదు సార్. తగ్గింది," అంది సూదమ్మ.

"తగ్గింది అంటే ఎవడాగుతాడమ్మా? వివరాలు కింద రాస్తాంగా, కావలసినవాళ్ళు చదువుకుంటారు. ముఖం లేదుగా?"

"లేదు."

"పేరు, గొంతు?"

"లేవు."

"ఇంకేం మరి. చేతుల్ని చూసి మనిషిని ఎవరు పోల్చుకుంటారు?"

నిజమే అనుకుందామె. ఏమేమి దాచాలో పరిశోధన నియమాల కమిటీ వారు రాసిచ్చారు: ముఖం, పేరు, గొంతు, చిరునామా. చేతుల మాట ఎవరూ రాయలేదు. ఆ కమిటీలో ఉన్నవాళ్ళెవరూ ఒకరి చేతులు చూస్తూ రోజంతా నిలబడి పని చేసినవాళ్ళు కారు. ఆమె గైడు మేడమ్ కూడా చూసి బాగుందన్నారు. ఇప్పుడు థీసిస్ కమిటీ వారు "సమాజానికి ఎలా చేరవేశారు?" అని ఒక గడి పెట్టారు, అది ఖాళీగా ఉండకూడదట.

రీలు ఎగిరింది. ఎగరడమంటే మామూలుగా కాదు. మర్నాడు భోజనాల దగ్గర ఆమెకు పరిచయం లేని అమ్మాయిలు ఆమె వీడియోను ఆమెకే చూపించారు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు పంచుకున్నారు, హోటళ్ళలో దిగినవాళ్ళు పంచుకున్నారు, దుప్పటితో సంబంధం లేనివాళ్ళు కూడా ఏడుపు బొమ్మలు పెట్టి పంచుకున్నారు. మేడమ్ డిపార్టుమెంటు గ్రూపులో "మన అమ్మాయి" అని రాశారు. ఇన్నాళ్ళలో మేడమ్ ఆమెను మన అమ్మాయి అనడం అదే మొదలు. సూదమ్మకు సంతోషం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. తను ముక్కాలిపీట మీద నడుము విరిగేలా కూర్చుని తెలుసుకున్న సంగతి ఇందరికి తెలిసింది కదా అనుకుంది. ఫోను పక్కన పెడుతూ, మళ్ళీ తీస్తూ ఉండిపోయింది.

ఆ సంతోషంతోనే, మిగిలిన కొలతలు తీసుకోవడానికి పుల్లల పెట్టె సంచిలో వేసుకుని లాండ్రీకి వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి అడ్డం నిలబడ్డాడు. ఇదివరకు ఆయనే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు.

"మిమ్మల్ని లోపలికి పంపొద్దన్నారమ్మా."

"ఎందుకు?"

"ఎందుకని నన్నడుగుతారేంటి? మీ సినిమా ఊరంతా ఆడుతుంటే." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మడత బల్లల దగ్గరి పెద్దామెని పనిలోంచి తీసేశారు."

"పెద్దామెనా? ఎందుకు?"

వాచ్‌మన్ చెప్పుకొచ్చాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయట. మేనేజరు మండిపడుతూ టీ వేళ ఫ్లోరు మీదికి వచ్చి, ఫోను ఎత్తి పట్టుకుని అందరికీ వీడియో చూపించాడట. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చివర్లో ఆ చేతులు బోర్లా తిరిగి దుప్పటి మీద రెండు వేసేసరికి మాత్రం ఫ్లోరంతా గొల్లుమంది. ఎవరో "ఓయ్, పెద్దామె సినిమాలో పడిందిరోయ్!" అని అరిచారు కూడా. సరదాకే అరిచారు. మేనేజరు నవ్వలేదు.

"అత్తగారి దెబ్బ కదమ్మా అది," అన్నాడు వాచ్‌మన్. "ఇంకెవరిదవుతుంది?"

సూదమ్మకు అత్తగారి దెబ్బ సంగతి తెలుసు. ఫ్లోరు మీద మిగతా అందరూ మడతను అరచేత్తో సాఫు చేస్తారు. పెద్దామె అత్తగారు ఆ లాండ్రీలోనే పనిచేసి పోయింది. తడి గుడ్డకు అరచెయ్యి అంటుకుంటుందని ఆవిడ చెయ్యి బోర్లా తిప్పి దెబ్బ వేసేది. కోడలికీ అదే నేర్పింది. ఆ కోడలు ఇప్పుడు ఫ్లోరులో అందరికన్నా పాతది కనుక, ఆ దెబ్బ ఆమె గుర్తయి కూర్చుంది. అయితే అత్తగారికి కోడళ్ళు ఇద్దరు. చిన్నకోడలు కూడా అక్కడే, గోడవైపు చివరి బల్ల దగ్గర, వంచిన తల ఎత్తకుండా పనిచేస్తుంది. ఆమె ఎలా మడుస్తుందో ఎవరూ పట్టించుకోరు. వీడియోలో ఉన్నవి ఆ చిన్నామె చేతులు.

తోడికోడళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు. మధ్యలో తడక గోడ పెట్టి రెండు వాటాలు చేసుకున్నారు, పెరడూ కుళాయీ ఉమ్మడి. సూదమ్మ వెళ్ళేసరికి పెద్దామె గుమ్మంలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఉత్తినే మడిచి పక్కన పడేస్తోంది. దెబ్బ వెయ్యడం లేదు.

"రా అమ్మా, రా. ఇంకా ఏమన్నా తియ్యాలా?" అంది.

సూదమ్మ చెప్పులు విడిచి నేలమీదే కూర్చుంది. పెరట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"నాకు తెలీదక్కా. ముఖం కనపడకపోతే చాలనుకున్నాను."

"అవునులే. మా ముఖాలు ఎవడు చూస్తాడు అక్కడ? నిలబడ్డ కాడి నుంచీ చేతులే కదా చూసేది." ఆమె లంగా ఒకటి విదిలించి మడిచింది. "ఆ చేతులు నావి కావని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ గిన్నెలు తోమే మహాతల్లికీ తెలుసు."

పెరట్లో చప్పుడు ఆగిపోయింది.

"ఆ రోజు టీ తాగుదాం రావే అంటే, తలనొప్పి, నువ్వెళ్ళక్కా అంది. నేను నమ్మాను. నీ కెమెరా కోసం ఆగిందని వీడియో చూస్తే గానీ తెలీలేదు. అది ఎడం చెయ్యి ముందు వేస్తుంది. నేను కుడిది వేస్తా. ఆయనకేం తెలుసు ఎడమో కుడో?"

"నేను మేనేజరుతో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?"

"మీవి కావని."

"మా అత్త ఇద్దరికే నేర్పింది ఆ దెబ్బ. నావి కావంటే ఇంకెవరివో చెప్పడానికి ఆయన నీలా పెద్ద చదువులు చదవక్కర్లేదు." పెద్దామె మాట కటువుగా వచ్చింది. "దాని మొగుడు నడిపేది లాండ్రీ బండే. నాదైతే ఒక్క పని. దానిది పోతే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇంట్లో కూర్చుంటారు."

చిన్నామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులకు ఇంకా గిన్నెల మసి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేనే పోయి చెప్పేస్తానక్కా," అంది.

"నోర్ముయ్. చెప్పేదానివి ఆయన అందర్నీ నిలబెట్టినప్పుడే చెప్పాల్సింది. అప్పుడు నోటికి తాళం వేసుకుని, ఇప్పుడు పెద్ద మగరాయుడిలా వస్తావా? రెండు పొయ్యిలూ ఆర్పుదామనా?"

"మీరు నాతో మూడు రోజుల్నుంచీ మాట్లాడట్లేదు."

"ఇప్పుడు మాట్లాడుతున్నాగా!"

ఆ మాటతో చిన్నామె తలుపు పట్టుకుని ఏడ్చేసింది. పెద్దామె ఆమెవైపు చూడలేదు. మడిచిన బట్టలన్నీ మళ్ళీ విప్పి, మొదట్నుంచీ మడవడం మొదలుపెట్టింది. ఆమెకు నర్సు చదువుతున్న కూతురు ఉంది, ఇదే ఆఖరి సంవత్సరం. భర్త పోయి చాలాకాలమైంది. ఈ పని పోతే ఆ చదువు ఆగిపోతుంది. ఈ సంగతి పెద్దామె ఆ రోజు అనలేదు. అనాల్సిన అవసరం లేదు, సూదమ్మ ఆమె వేళ్ళు తాకుతూ కబుర్లు చెప్పించుకున్న రోజుల్లోనే అంతా విన్నది.

"మరి నన్నేం చెయ్యమంటారక్కా?"

"నన్నడుగుతావేం? తీసినదానివి నువ్వు, చూపించినదానివి నువ్వు."

మేడమ్ గదిలో ఏసీ చప్పుడు తప్ప మరేమీ వినపడదు. సూదమ్మ చెప్పింది అంతా విని మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదావిడ. విద్యార్థుల చేత ఇంటిపని చేయించుకోదు, వాళ్ళ పేపర్ల మీద తన పేరు ముందు వేసుకోదు. నియమం అంటే మాత్రం ఆవిడకు ప్రాణం.

"మనం ఔననకూడదు, కాదనకూడదు. కాదని చెప్పడం కూడా చెప్పడమే అవుతుంది. ఒకరిని తప్పిస్తే మిగిలినవాళ్ళ మీదికి వేలు పోతుంది. అందుకే కదా ఆ నియమం పెట్టుకున్నాం."

"ఆవిడ పని పోయింది మేడమ్."

"బాధగానే ఉంది. కానీ మనం నియమం తప్పలేదు. ముఖం చూపించలేదు."

వీడియో అయినా తీసేయమని ప్రచార అధికారిని అడిగితే ఆయన తల పట్టుకున్నాడు. "తీస్తే తప్పు చేశామని మనమే దండోరా వేసినట్టు. అయినా తీసి ఏం లాభమమ్మా, ఇప్పటికే ఎవడికి వాడు దింపుకుని తన పేరున పెట్టుకున్నాడు. నీళ్ళలో కలిసిన ఉప్పును ఏరమంటే ఎలా?" కాసేపటికి ఆయనే మెల్లిగా అన్నాడు: "చేతుల్ని చూసి పోలుస్తారనుకోలేదమ్మా. నిజంగా అనుకోలేదు." ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో ఏ శీర్షికా లేదు.

హాస్టల్ గదికి వచ్చి ఆమె మంచం మీద కూలబడింది. ఎండ కిటికీలోంచి పడుతోంది. ఎవరైనా తనను తిట్టి ఉంటే బావుండునని ఉంది. తిట్టినవాళ్ళు లేరు, అందరూ అర్థం చేసుకున్నారు. లేచి, ఏమీ తోచక, మంచం మీది దుప్పటి లాగి మడవసాగింది. అంచు పట్టుకుని విదిలించి, సగానికి, మళ్ళీ సగానికి. చివర్లో ఆమె చెయ్యి తనంతట తనే బోర్లా తిరిగి రెండు దెబ్బలు వేసింది.

కొలవాలంటే ముందు చెయ్యడం రావాలని తనే ఒకప్పుడు పెద్దామె దగ్గర నేర్చుకుంది. "కోడలిగా రావాల్సినదానివి, పరీక్షలు రాయడానికొచ్చావు" అని పెద్దామె వేళాకోళం చేసింది. ఫ్లోరంతా నవ్వింది. అంటే అత్తగారి దెబ్బ తెలిసినవాళ్ళు ఇద్దరు కాదు, ముగ్గురు.

ఆమె దుప్పటిని విప్పి, ఈసారి ఎడమ చెయ్యి ముందు వేసి మడిచింది. మళ్ళీ విప్పింది.

మర్నాడు లాండ్రీకి వెళ్తే, మేనేజరు ఆమెను లోపలికి రానిచ్చాడంటే కోపంతోనే రానిచ్చాడు. చిన్న గది. ఒక గోడకు ఆనించి, పట్టీలు విప్పని అట్టపెట్టెలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. కూర్చోమనలేదు కనుక ఆమె సంచిని ఆ పెట్టెల మీద పెట్టి నిలబడింది.

"కొలతలంటే సరేనన్నాను. సినిమా తీస్తానని చెప్పారా మీరు?" అన్నాడాయన. "నాకు పైన యజమాని ఉన్నాడు. ఆసుపత్రివాళ్ళు రోజుకోసారి పీక మీద కూర్చుంటున్నారు. నా అన్నం మీద కొట్టి మీరు డాక్టరేటు తెచ్చుకుంటారా?"

"పెద్దామెవి కావండీ ఆ చేతులు."

"మరెవరివి?"

అడుగుతాడని తెలుసు. ఇంతకుముందు ఎన్నడూ ఒక అంకెను కూడా మార్చి రాయని మనిషి ఆమె. పోచ వంగిందో లేదో అనుమానం వస్తే మళ్ళీ తాకి చూసేది, ఆడవాళ్ళు విసుక్కున్నా సరే.

"నావి," అంది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"టీ వేళ, మిషన్లు ఆగినప్పుడు, మీ బల్ల దగ్గర నేనే మడిచాను. మీ వాళ్ళెవరూ ఒప్పుకోలేదు. పెద్దామెను చూసి నేర్చుకున్నాను."

"మీ చేతులు అలా లేవే? ఆ తెలుపూ, ఆ పగుళ్ళూ..."

"వేడి నీళ్ళలో నానబెట్టి పౌడరు అద్దుకున్నాను."

మేనేజరు చాలాసేపు ఆమె ముఖం చూశాడు. నమ్మాడో లేదో ఆయనకే తెలియాలి. నమ్మడం వల్ల ఎంత కలిసొస్తుందో మాత్రం ఆయనకు క్షణంలో తెలిసింది. బెల్లు కొట్టి ఒక దుప్పటి తెప్పించి బల్ల మీద పడేశాడు.

"మడవండి."

తడి దుప్పటి. హాస్టల్ దుప్పటికన్నా చాలా బరువుంది, వాసన ముక్కును కోసింది. ఆమె అంచు పట్టుకుని విదిలించింది. సగానికి. మళ్ళీ సగానికి. ఎడమ చెయ్యి ముందు వేసి, బోర్లా తిప్పి, రెండు దెబ్బలు వేసి, బొటనవేలితో అంచు గీసింది. వేళ్ళ చివర్లు అప్పుడే చురుక్కుమంటున్నాయి.

"ఇంకోసారి," అన్నాడు మేనేజరు. ఈసారి ఆయన చేతిలో ఫోను ఉంది. ఫ్లోరు మీదికి ఫోన్లు తేకూడదని ఆయన తల వెనకే బోర్డు వేలాడుతోంది. "మడుస్తూ చెప్పండి. ఆ వీడియోలో ఉన్నది మా పనివాళ్ళు కాదని, మీరేనని, అదంతా నటన అని."

"చేతులు నావని చెప్తాను. నటన అని..."

"మరి మీ చేతులకు స్పర్శ లేదా?"

ఆమె దుప్పటి అంచు సర్దింది.

"ఉందిగా? అంటే వీడియోలో రాసింది ఉత్తిదేగా?"

"చెప్తే పెద్దామెని తీసుకుంటారా?"

"రేపటి నుంచే. నాకు ఆమె మీద పగేముంది? మంచి పనిమంతురాలు."

ఆమె చెప్పింది. పెద్ద మాటలేం లేవు, మూడు వాక్యాలు. ప్రచార అధికారి చూసి ఉంటే మెచ్చుకునేవాడు, ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. ఆమె సంచి తీసుకుంటుంటే మేనేజరు గుమాస్తాను పిలిచి, "ఆ పెట్టెలు విప్పకండి, అలాగే ఉంచండి" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. బయటికొచ్చి వాచ్‌మన్ కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది.

రెండో వీడియో మొదటిదాన్ని మించిపోయింది. జాలిపడ్డ జనమే కోపగించుకున్నారు. ఏడుపు బొమ్మలు పెట్టినవాళ్ళు, తమ కన్నీళ్ళు తిరిగిచ్చెయ్యమన్నట్టుగా బూతులు రాశారు. ఇవేనా పరిశోధనలంటే, ఇందుకేనా మా పన్నులు అన్నారు. లాండ్రీవాళ్ళు దాన్ని తమ పేజీలో అన్నిటికన్నా పైన అంటించుకున్నారు. విశ్వవిద్యాలయం వారు విచారం వెలిబుచ్చి, విచారణ వేశారు.

"నీ చేతులా అవి?" అన్నారు మేడమ్. తలుపు వేసి ఉంది.

"కాదు మేడమ్."

"ఎవరి కోసం అన్నావో నేను అడగను. అడగకూడదు." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీ కొలతలు నిజమేనా?"

"అన్నీ నిజమే."

"నాకు తెలుసు. కానీ చేతులు నటన అన్న మనిషి అంకెలు నటన కావని కమిటీకి నేనెలా చెప్పను? మన పేపరు వేసిన పరిశోధన పత్రికవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోమంటున్నారు. ఎందుకిలా చేశావే? నాతో ఒక్కమాట అనకూడదా?"

"అంటే వద్దనేవారు."

విచారణ తేలేదాకా పరికరాలు డిపార్టుమెంటుకు అప్పగించాలట. సూదమ్మ పుల్లల పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. మేడమ్ దాన్ని తెరిచి, అన్నీ ఉన్నాయో లేదో చూడకుండానే మూసేశారు.

పెద్దామె పనిలో చేరిందని ఆమెకు తెలుసు. అయినా ఒకసారి కళ్ళతో చూడాలనిపించింది. ఉన్నదంతా పోయాక మిగిలింది అదొక్కటే. షిఫ్టు విడిచే వేళకు గేటు కొంచెం ఆవల, రోడ్డు పక్కన నిలబడింది. ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. కొందరు ఆమెను చూసి మొహం తిప్పుకున్నారు, ఒకరిద్దరు నవ్వారు. చిన్నామె దూరం నుంచే చూసి, దగ్గరికి రాలేక తలవంచుకుని వెళ్ళిపోయింది. పెద్దామె మాత్రం తిన్నగా వచ్చి ఆమె జబ్బ పట్టుకుని గోడ నీడలోకి లాక్కెళ్ళింది.

"నీకేమన్నా పిచ్చా? నీ చదువు ఏం కావాలి?"

"చూద్దాంలే అక్కా. మీ అమ్మాయి పరీక్షలు ఎప్పుడు?"

"దాని పరీక్షలకేం, రాస్తుంది." పెద్దామె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అత్త బతికుంటే నిన్ను మూడో కోడలని చెప్పుకునేది. ముగ్గురు కొడుకులుంటే."

ఇద్దరూ నవ్వారు. సూదమ్మకు ఆ మధ్యకాలంలో అదే మొదటి నవ్వు. పోనీలే, ఇంత జరిగినా ఒక్కటైనా నిలబడింది అనుకుంది.

"గ్లౌజులు వచ్చినయ్యంట తెలుసా?" అంది పెద్దామె.

"ఏం గ్లౌజులు?"

"మాకే. ఆసుపత్రివాళ్ళు నీ మొదటి వీడియో చూసి, మీ ఆడవాళ్ళకి గ్లౌజులివ్వండి, ఇంకో జాడింపు పెట్టండి, లేకపోతే మా దుప్పట్లు పంపం అన్నారంట. పెట్టెలకి పెట్టెలు తెప్పించాడు మేనేజరు. ఆయన గదిలోనే పేర్చి ఉన్నయ్యంట. నువ్వు చూళ్ళేదా?"

సంచి పెట్టిన చోటు, అట్ట గరుకుదనం, సూదమ్మ చేతికి గుర్తొచ్చాయి.

"నిన్న మా మరిది బండిలో వేసుకుపోయి కొట్లో తిప్పి ఇచ్చొచ్చాడు. ఆ పిల్ల ఉత్తిదేనని చెప్పింది కదా, ఇక గ్లౌజులెందుకు అన్నాడంట మేనేజరు. ఆసుపత్రివాళ్ళు కూడా సరేలెమ్మన్నారు." పెద్దామె ఆమె ముఖం చూసి గొంతు మార్చింది. "నీ తప్పేముందిలే ఇందులో. అది ముందే తెలిసినా నువ్వేం చేసేదానివి?"

గేటు లోపల మళ్ళీ మిషన్లు మొదలయ్యాయి, తర్వాతి షిఫ్టువాళ్ళు బల్లల దగ్గర చేరి ఉంటారు. నేల అడుగున ఏదో కదులుతున్నట్టు కాళ్ళకు తెలుస్తోంది.

"సరే గానీ, ఇంతదూరం వచ్చావు, ఒకసారి పొడిచి చూడు," అంటూ పెద్దామె కుడిచెయ్యి చాపింది. "ఈ మధ్య పాలగిన్నె దింపితే కాలింది కూడా తెలీట్లేదు. పోయినసారి నా చెయ్యి మంచిదే అన్నావుగా."

"పెట్టె తీసేసుకున్నారక్కా."

"పెట్టెకేం వచ్చింది, పిన్నీసు లేదా నీ దగ్గర?" పెద్దామె తన జాకెట్టుకున్న పిన్నీసు తనే విప్పి ఇచ్చింది. అలవాటు ప్రకారం గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు విప్పింది.

సూదమ్మ ఆ చేతిని తన అరచేతిలోకి తీసుకుంది. చూపుడువేలి కొస మీద పిన్నీసు మొన ఆనించింది. ఆగింది. ఇంకొంచెం నొక్కింది. నొక్కినచోట చర్మం లోపలికి పోయి తెల్లబడింది. దారిలో పోయే వాళ్ళెవరో ఇటు చూసి వెళ్ళిపోయారు. ఆమె మొనను ఎత్తకుండా అలాగే పట్టుకుని పెద్దామె పెదవుల వంక చూస్తూ నిలబడింది.

"ఊఁ, కానివ్వు మరి," అంది పెద్దామె, కళ్ళు తెరవకుండానే.